పర్దా బండి దారి

హుస్సేన్ సాగర్ కట్టకు ఆ చివర శుక్రవారం సెలవు, ఈ చివర ఆదివారం సెలవు. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు గానీ మా రోజుల్లో అదే పద్ధతి. కట్ట దాటి హైదరాబాదు వెళితే నిజాం సర్కారు, శుక్రవారం దఫ్తర్లకు తాళాలు. కట్టకు ఇటు సికింద్రాబాదులో కంటోన్మెంటు దొరలు, ఆదివారం దుకాణాలకు తాళాలు. ఆ కట్ట పుణ్యమా అని నేనూ పీర్ మహమ్మదూ ఏళ్ల తరబడి కలిసి ఒక్క ఊరికి కూడా పోలేకపోయాం.

మా ఇద్దరి ఇళ్లూ మారేడ్‌పల్లిలో ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. నా పేరు బ్రహ్మచారి. పేరు చూసి జాలిపడకండి, నాకు పెళ్లీ అయింది, పిల్లలూ ఉన్నారు. మా వడ్ల వాళ్లలో ఆ పేరు మామూలే. జేమ్స్ స్ట్రీట్‌లో ఒక దొరగారి కుర్చీల దుకాణంలో వడ్రంగి పని నాది. పీర్ మహమ్మద్ హైదరాబాదులో శిస్తుల లెక్కలు చూసే మాల్గుజారీ దఫ్తర్లో ఉర్దూ కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తా. పొద్దున్నే సైకిలెక్కి కట్ట మీదుగా పోయేవాడు, సాయంత్రం ఎదురుగాలిని తిట్టుకుంటూ వచ్చేవాడు. రాగానే చెప్పులు విడిచి మా అరుగెక్కి కూర్చుని బీదర్ కబుర్లు మొదలుపెట్టేవాడు.

బీదర్ వాడి తల్లి అక్బర్ బీ పుట్టిన ఊరు. వాడు చెబుతుంటే ఆ ఊరు ఇక్కడే పక్క గల్లీలో ఉందేమో అనిపించేది. ఎర్రటి రాతి గోడల మధ్య ఊరు. నడిమధ్యన నాలుగు దారులు కలిసేచోట చౌబారా అనే గుండ్రటి బురుజు. సుల్తానుల కాలపు మదర్సా, దాని గోడల మీద నీలం పెంకులు. కోటలోని రంగీన్ మహల్లో చెక్కతో చెక్కిన స్తంభాలు. "ఒక్కొక్క స్తంభం చూస్తే నీ పనిముట్లు చెరువుల పారేస్తవు చారీ," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "మీ బీదర్ల ఉన్నది చెక్కనే గద, బంగారం గాదు గద," అనేవాణ్ణి. కానీ ఆ స్తంభాలు ఒక్కసారి చూడాలని లోపల ఒకటే గుంజాటన.

"పోదాం ర," అనేవాడు. "శుక్రవారం పోదాం."

"శుక్రవారం మా దొర ఊకుంటడా? ఆదివారం పోదాం."

"ఆదివారం మా దఫ్తర్ పెద్ద మొహతమీమ్ సాబ్ ఊకుంటడా?"

అక్కడికి ఆ రోజు మాట ఆగిపోయేది. మర్నాడు మళ్లీ షురూ.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. సైన్యం వచ్చింది, సర్కారు మారింది, దానితోపాటు శుక్రవారం సెలవు పోయి ఆదివారమైంది. మా జన్మలో మొదటిసారి మా ఇద్దరికీ ఒకే రోజు సెలవు. వెళ్లి వాడికి చెప్పి నవ్వాలనుకున్నాను, నవ్వలేకపోయాను. అప్పటికే వాడి ఉద్యోగం పోయింది. తఖ్ఫీఫ్ అన్నారు, అంటే నౌకర్లను తగ్గించడం. ఉర్దూ నకళ్లు రాసేవాళ్లు కొత్త సర్కారుకు అంతమంది అక్కర్లేదట. వాడికిప్పుడు అన్ని రోజులూ ఆదివారాలే.

వాడి అన్న వలీ నేరేడ్‌మెట్‌లో ఉండేవాడు. పెళ్లాం బిడ్డలతో కరాచీ పోవడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. తమ్ముణ్ణి కూడా రమ్మన్నాడు. "ఇక్కడ నీకేం మిగిలింది? సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పు," అన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం పీర్ మహమ్మద్ అరుగు మీదికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా కూర్చున్నాడు. కూర్చుంటూనే అన్నాడు. "చారీ, ఆదివారం బీదర్ పోదాం. అమ్మ ఇల్లు ఉందో లేదో చూస్త. ఆ ఇంట్ల మావోళ్లు ఒక్కరు కనబడ్డా చాలు, నాకిక్కడ ఇది ఉంది అని వలీ భాయికి చెప్త. ఎవ్వరు లేకుంటే పోత."

వాడు పోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట నోరు తెరిచి చెప్పడం మా ఇంటావంటా లేదు. "సరే, స్తంభాలు చూసినట్టు ఉంటది," అన్నాను.

శనివారం రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి బీదర్ చేరాం. దారిలో వికారాబాద్ రాకముందే పీర్ మహమ్మద్ టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను.

ఊరి దర్వాజా చూడగానే మాత్రం అక్కడే నిలబడిపోయాను. వాడు అబద్ధం చెప్పలేదు. ఎర్ర మట్టి, ఎర్ర రాయి, పొద్దుటి ఎండలో గోడలన్నీ అప్పుడే కాల్చిన ఇటుకల్లా ఉన్నాయి. దర్వాజా తలుపులకు ఏనుగులు గుద్దకుండా ఇనుప ముళ్లు. ఆ చెక్కను చేత్తో తడిమి చూశాను. ఎన్ని వందల ఏళ్ల టేకో, ఇంకా గట్టిగా ఉంది. మదర్సా మినారు మీద నీలం పెంకులు ఊడినచోట ఊడగా, ఉన్నచోట నిన్న అతికించినట్టు మెరుస్తున్నాయి. కానీ ఊళ్లో మాటల చప్పుడు లేదు. తాళాలు వేసిన ఇళ్లు చాలా కనిపించాయి. కొన్నింటికి తాళం కూడా లేదు, తలుపే లేదు. అంతకు ఆర్నెల్ల ముందు, పోలీస్ యాక్షన్ అప్పుడు, ఆ జిల్లాలో ముసల్మానుల ఇళ్ల మీద జరిగిన చంపుళ్ల కబుర్లు మా దాకా వచ్చాయి గానీ, వినడం వేరు, చూడడం వేరు.

చౌబారా దగ్గరికి వచ్చేసరికి పీర్ మహమ్మద్ ఆగిపోయాడు. నాలుగు దారుల వైపూ చూశాడు.

"ఎటు?" అన్నాను.

"అమ్మ చెప్పింది, చౌబారా దాటంగనే ఎడమ చేతికి తిరగాలె. జెర దూరం పోయినంక కుడి చేతికి చిన్న మసీదు, దాని పక్కన సందు. సందుల మెట్ల బావి. బావి దాటితే ఎడమ చేతికి మా ఇల్లు. దర్వాజా మీద రెండు చేపలు చెక్కి ఉంటయి."

"అమ్మ చెప్పిందేంది? నువ్వు ఎన్నిసార్లు రాలే?"

వాడు బురుజు వంక చూస్తూ అన్నాడు. "నేనెప్పుడు రాలే చారీ."

చిన్నప్పటి నుంచీ నా చెవులు తూట్లు పడేలా చెప్పిన ఊరు, నా పనితనాన్ని వెక్కిరించిన స్తంభాలు, వాడు కంటితో చూడనే లేదట. "నీ అసుంటి కోతలరాయుణ్ణి నేనెక్కడ చూడలే," అని నడిబజారులోనే కడిగిపారేశాను. వాడు తలవంచుకుని విన్నాడు.

"అమ్మ పెండ్లయి సికింద్రాబాద్ వచ్చినంక మళ్ల ఒక్కసారి సుత రాలే," అన్నాడు, నేను ఆయాసంతో ఆగినప్పుడు. "అబ్బా మిలిటరీ మెస్సుల వంటమేస్త్రీ. ఆయనకు సెలవే లేకుండె. పండుగకు పోదాం, పండుగకు పోదాం అనుకుంటనే గడిచింది. అమ్మ రాత్రిపూట పక్కల పండుకోని ఇదే చెప్తుండె, గల్లీ గల్లీ చెప్తుండె. చిన్నప్పుడు ఒకసారి, నేను చూసిన అని నీతోని అన్న. అన్నంక ఎట్ల లేదంట?"

"మరి పెద్దయినంకన్న రావొచ్చు గద?"

"భయమైంది ర. వచ్చి చూస్తే అమ్మ చెప్పినట్లు లేకపోతే?"

ఇక నేనేం తిడతాను. ఎడమ చేతికి తిరిగాం. మసీదు లేదు. కమ్మరి కొలుములు దాటి ఊరిగోడ దాకా పోయి వెనక్కి వచ్చాం. ఇంకాస్త ముందుకు పోయి ఎడమకు తిరిగితే మేకల దొడ్డి వచ్చింది. ఎవరినైనా అడుగుదామంటే అదో తక్లీఫ్. "ఫకీర్ సాహెబ్ ఇల్లెక్కడ?" అని వాడు తాత పేరు చెప్పి అడిగితే, "ఎవరు మీరు, ఎందుకు?" అని ఎదురు ప్రశ్న. నన్ను చూసి ముసల్మానులు తలుపేశారు, వాణ్ణి చూసి హిందువులు తలుపేశారు, ఇద్దరం కలిసి ఉన్నందుకు అందరూ అనుమానించారు. ఆ సంవత్సరం ఒక ఇల్లు ఎక్కడుందని అడగడం మంచి మాట కాదు.

మధ్యాహ్నానికి ఎండ మాడ్చేస్తోంది. మూసి ఉన్న ఒక దుకాణం ముందు నీడలో కూలబడ్డాం. సాయంత్రం బండికి తిరిగిపోవాలి. "లేదు తియ్యి," అన్నాడు పీర్ మహమ్మద్. "ఉన్న ఇల్లయితే దొరుకుతుండె." ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. స్తంభాల మీద ఆశ అప్పటికే చచ్చింది. ఇప్పుడు నాకు కావలసింది ఆ చేపల తలుపు. అది దొరక్కపోతే సోమవారం నా గోడకు అవతలి ఇల్లు ఖాళీ.

అప్పుడు మా ముందు నుంచి ఒక ఎద్దుబండి పోయింది. చుట్టూ తెల్లటి పర్దాలు కట్టిన, ఆడవాళ్లెక్కే జనానా బండి. అది మమ్మల్ని దాటిపోయాక వెనకవైపు పర్దా కొంచెం తొలిగి ఒక చిన్నపిల్ల ముఖం బయటికి వచ్చింది. మమ్మల్నే చూస్తూ చూస్తూ చిన్నదై పోయింది.

నేను లేచి నిలబడ్డాను.

"పీరూ, మీ అమ్మ ఈ దారులన్ని ఎప్పుడు చూసింది?"

"అష్టూర్ దర్గాకు పోయి ఇంటికి మర్లి వచ్చేటప్పుడు. ఏడాదికోసారి అదే వాళ్ల సైరు."

"నడిచి వస్తుండెనా?"

"పాగల్ అయినవా? ఆడోళ్లు నడుస్తరా? గిసుంటి బండిలనే."

"బండి ముందట ఎవరు కూసుంటరు?"

"తోలెటోడు, పక్కన తాత."

"మీ అమ్మ?"

"వెనక పర్దా సందులకెళ్లి..." అని వాడు బండి పోయినవైపు తిరిగి చూశాడు.

బండి ఇంటివైపు పోతుంటే, వెనక పర్దాలోంచి చూసే చిన్ననాటి అక్బర్ బీ ముఖం ఊరి దర్వాజా వైపు. బండికి కుడి, ఆమెకు ఎడమ. అక్బర్ బీ చెప్పిన దారిలో ఒక్క తప్పు లేదు. ఆమె ఊరంతా వీపు వైపు నుంచి చూసింది, అంతే. నేను తలుపులు చేసేవాణ్ణి. లోపలి కుడి బయటికి ఎడమ అవుతుందని పొద్దుటి నుంచి నా మట్టిబుర్రకు ఎందుకు తట్టలేదో!

కుడి ఎడమలు మార్చుకుని నడిస్తే సరిపోయేది. వాడు వినలేదు. "అమ్మ ఎట్ల చూసిందో గట్లనే చూస్త," అని చౌబారా దగ్గరికి పోయి, వెనక్కి తిరిగి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వాడి భుజం పట్టుకుని నేను దారి చెప్పాను. "గుంత ఉంది, జెర పక్కకు. రాయి ఉంది, కాలెత్తు." కాసేపటికి నాకూ బుద్ధి పుట్టి నేనూ తిరిగాను. మీసాలు నెరుస్తున్న మగవాళ్లం ఇద్దరం చేతులు పట్టుకుని బీదర్ బజారులో వెనక్కి నడుస్తూ పోయి ఒక ఉల్లిగడ్డల బండికి గుద్దుకున్నాం. పొద్దున మా ముఖాన తలుపేసిన దుకాణదారు బయటికి వచ్చి చూసి పకపకా నవ్వాడు. పైన ఒక కిటికీ తెరుచుకుంది. ఎవరో ఆడవాళ్ల నవ్వు వినబడింది. పొద్దుటి నుంచి ఆ ఊళ్లో మేం విన్న మొదటి నవ్వు అది.

"అదిగో," అన్నాడు పీర్ మహమ్మద్. కుడి చేతి వైపు చిన్న మసీదు మా పక్క నుంచి ముందుకు జరిగింది. సందు వచ్చింది. మెట్ల బావి వచ్చింది. వాడు ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తున్నాడు, కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం లేదు. నాకు అక్బర్ బీ గుర్తొచ్చింది. తెల్ల దుపట్టా కప్పుకుని గోడ మీదుగా మా అమ్మకు కరివేపాకు అందించే మనిషి. ఆమె లోపల ఇంత ఊరు ఉందని మాకెవరికీ తెలియదు.

బావి దాటాక ఎడమ చేతికి తలుపు. ద్వారబంధం పైకమ్మి మీద రెండు చేపలు, మూతీ మూతీ ఆనించుకుని. పొలుసు పొలుసూ లెక్కపెట్టేలా చెక్కాడు ఎవరో.

లోపల గడియ వేసి ఉంది. కొడితే పలకలేదు. మళ్లీ కొడితే లోపల ఏదో కదిలి ఆగిపోయింది. పీర్ మహమ్మద్ తలుపుకు నోరు ఆనించి, "నేను అక్బర్ బీ కొడుకును, సికింద్రాబాద్ నుంచి వచ్చిన," అన్నాడు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

ఆమె హనీఫా, అక్బర్ బీ చెల్లెలు. సన్నగా, వంగిపోయి ఉంది. ముక్కు మాత్రం అచ్చం అక్కదే. ఆమె మాట్లాడింది ఉర్దూలో. సికింద్రాబాదులో పుట్టిన నాబోటివాడికి ఉర్దూ ఎవరూ నేర్పనక్కర్లేదు. వాడి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. లోపలికి తీసుకుపోయి చాప వేసింది. వాడికి రొట్టె పెట్టింది. నా నుదుటి బొట్టు చూసి, నేనేమీ అనకముందే, కడిగిన కొత్త తట్టలో బెల్లమూ పల్లీలూ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. ఎందుకు లేరో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

"అక్క ఎట్లుంది?" అంది.

అక్బర్ బీ పోయి అప్పటికి రెండేళ్లు. మారేడ్‌పల్లి నుంచి ఆమెను మోసిన భుజాల్లో నాదీ ఒకటి.

"మంచిగుంది ఖాలా," అన్నాడు పీర్ మహమ్మద్. "నడుం నొప్పి, అంతే. రంజాన్ పండుగకు తోలుకొస్త."

నేను వాడి తొడ గిల్లాను. వాడు నా వైపు చూడలేదు. ఆమె తల ఊపింది. "పండుగకా? మంచిది," అంది. బయలుదేరుతుంటే సందు మలుపు దాకా వచ్చి నిలబడింది.

రైల్లో కూర్చున్నాక నాకు కోపం ఆగలేదు. "పెద్దమనిషితోని గా అబద్ధం ఏంది ర? చచ్చిపోయిన తల్లిని ఎట్ల తోలుకపోతవు?"

"అమ్మను తోలుకపోలేను," అన్నాడు. "నేనన్న పోవాలె గద? మాటిచ్చిన."

"పండుగకు నువ్వు కరాచీల ఉంటవు."

"కరాచీ నుంచి బీదర్‌కు పండుగకు ఎట్ల వస్తరు చారీ?"

వాడు కరాచీ పోవడం లేదని నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లలో బొగ్గునుసి పడిందని చెప్పాను గానీ, నిజానికి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

సోమవారం వాడు నేరేడ్‌మెట్ వెళ్లి అన్నకు చెప్పాడు. వలీ కోప్పడలేదు, బతిమాలాడు. ఆ నెలాఖరున సికింద్రాబాద్ స్టేషన్లో బొంబాయి బండి కదిలేదాకా తమ్ముడి చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోలేదు. ఉండిపోవడానికి పీర్ మహమ్మద్ ఇచ్చుకున్నది చిన్నదేమీ కాదు. ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. మొండా మార్కెట్ దగ్గర సైకిళ్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నకళ్లు రాసిన వేళ్లకు గ్రీజు అంటింది.

రంజాన్ పండుగ వానల్లో వచ్చింది. దొర దగ్గర సెలవు అడుక్కుని నేనూ వెళ్లాను. ఆమెకు వాడు ఎలా చెబుతాడో, చెప్పాక ఆమె ఏమవుతుందో అని దారంతా భయం. స్టేషన్ నుంచి ఇద్దరం ముందుకే నడిచాం, తడుస్తూ. తలుపు తీసి ఉంది. హనీఫా ఖాలా గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. మా వెనక ఎవరైనా ఉన్నారా అని చూడలేదు.

పీర్ మహమ్మద్ సలాం చేసి నోరు తెరిచాడు. "ఖాలా, అమ్మ..." అని ఆగిపోయాడు.

"నాకు ఎరుకే బిడ్డా," అందామె. "అక్క కన్నుమూసిన నెలలనే, సికింద్రాబాద్ పోయొచ్చిన ఉద్గీర్ బట్టల వ్యాపారి కబురు చెప్పిండు. ఆనాడు నువ్వు మంచిగుంది అంటివి. ఒక్క పూటన్న మంచిగుందనుకుందామని ఊకున్న."

వాడు గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి నిలబడింది.

"అక్క సుత పండుగకు వస్తనని చెప్పే బండెక్కింది," అంది. "ఆ మాట పట్టుకోని ప్రతి పండుగకు సేమియా ఎక్కువ వండిన. ఎన్ని ఏండ్లు వండిన్నో. ఈసారి నువ్వు వస్తనంటే నమ్మలే. నా ఒక్కదానికే వండుకున్న."

ఇలా అని, కొంగుతో ముఖం తుడుచుకుని, సేమియాకు మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి పోయింది.